గగనమార్గానికి రహదారీ – అమీలియా ఇయర్‌హార్ట్ జీవితం

పక్షికి పొలిమేరలు లేవు. పక్షిని చూచి మానవుడు విమానాన్ని కల్పించుకున్నాడు గాని, అది రెక్కలు విప్పిన కొద్ది సంవత్సరాలకే దానికి పొలిమేరలు ఏర్పడినవి. 1909 జూలై 25న ఫ్రెంచి వైమానికుడు లూయీ బ్లెరియో ఇంగ్లీషు కాలువను దాటి డోవరు కొండమీద దిగినప్పుడు, అక్కడి కస్టమ్స్ ఉద్యోగులకు ఏమి చేయవలెనో పాలుపోలేదు. ఆకాశం నుండి వచ్చిన వానికి ఏ పత్రం వ్రాయాలి? వారి వద్ద ఉన్నది ఓడల నమూనా ఒక్కటే. కనుక ఆ విమానాన్ని ఒక నౌకగాను, బ్లెరియోను దాని నాయకునిగాను నమోదు చేసి పని ముగించుకున్నారు. ఆ దినం నవ్వుకొనదగిన సంగతే అయినా, నవ్వు ఎక్కువ కాలం నిలువలేదు. మరుసటి సంవత్సరమే పారిస్ నగరంలో ఐరోపా రాజ్యాల ప్రతినిధులు సమావేశమై, తమ నెత్తిమీది ఆకాశం ఎవరిదన్న ప్రశ్నను చర్చించి, ఏకాభిప్రాయానికి రాలేక విడిపోయినారు.

‘రహదారి’ అన్న మాటను నేడు మనం పెద్దబాటకు వాడుతున్నాము. పారసీకం నుండి ఉర్దూ ద్వారా మన తెలుగులోనికి నడచి వచ్చిన ఈ మాటకు పూర్వం వేరే అర్థాలుండేవి. మొగలాయీల కాలంలో దారిన పోయే సరుకుపై వసూలు చేసిన సుంకం రహదారీ. ఆటంకం లేకుండా పోనిమ్మని ఇచ్చే అనుమతి చీటీ కూడా రహదారీయే. ఆ పాత అర్థాన్ని మేము ఇక్కడ గుర్తు చేయుటకు కారణమున్నది. ప్రపంచాన్ని చుట్టిరావాలని బయలుదేరి 1937లో పసిఫిక్ సముద్రంలో అదృశ్యమైన అమీలియా ఇయర్‌హార్ట్ సాహసం గురించి మన విద్యార్థులు వినియే ఉంటారు. ఆ సాహసం వెనుక నడచిన రహదారీల కథ మాత్రం అంతగా తెలిసినది కాదు. ఆమె జీవితాన్ని ఆ వైపు నుండి చూడాలని మా ప్రయత్నం.

అమీలియా 1897 జూలై 24న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో అచిసన్ అనే పట్టణంలో జన్మించినది. మాతామహుడు న్యాయమూర్తి, కలిగిన ఇల్లు. తండ్రి రైల్వేల వ్యవహారాలు చూచే న్యాయవాది. తెలివైనవాడే గాని మద్యపాన వ్యసనం ఆయన ఉద్యోగాన్నీ, సంసారాన్నీ కుదురుగా ఉండనీయలేదు. కుటుంబం ఊరినుండి ఊరికి మారుతూ ఉండేది. ఇంటి పెద్ద వ్యసనానికి లోబడిన ఇంట పిల్లలు త్వరగా పెద్దవారవుతారు. ఆమె కూడా అట్లే అయినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కెనడాలోని టొరంటో నగరంలో గాయపడిన సైనికులకు ఆస్పత్రిలో పరిచర్య చేసినది. 1920 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఒక ప్రదర్శన మైదానంలో తండ్రి పది డాలర్లు చెల్లించగా పది నిమిషాలపాటు విమానంలో ఎగిరినది. నేలకు దిగేసరికి తన జీవితం ఏమిటో ఆమెకు తెలిసిపోయినది.

1921 జనవరిలో నేటా స్నూక్ అనే వైమానికురాలి వద్ద శిక్షణ ప్రారంభమైనది. గురువూ స్త్రీయే, శిష్యురాలూ స్త్రీయే. శిక్షణ రుసుము కోసం టెలిఫోను కంపెనీలో పనిచేసినది. పాత పసుపుపచ్చని చిన్న విమానమొకటి కొన్నది. 1922 అక్టోబరులో పద్నాలుగు వేల అడుగుల ఎత్తుకు ఎగిరి, అప్పటికి స్త్రీలలో ఎవరూ చేరని ఎత్తును అందుకున్నది. అయినా విమానం అన్నం పెట్టలేదు. దానిని అమ్మివేసి, బోస్టన్ నగరంలో డెనిసన్ హౌస్ అనే సేవాసంస్థలో చేరి, సిరియా, చైనా వంటి దేశాల నుండి వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు నేర్పినది. ఒక దేశం నుండి మరొక దేశానికి కాగితాలు పట్టుకొని వచ్చిన వారి మధ్య ఆమె గడపిన ఆ కొద్ది సంవత్సరాలను ఆమె జీవిత చరిత్రకారులు తొందరగా దాటిపోతారు. మాకు మాత్రం అవి ముఖ్యమైనవిగా తోచినవి.

1928 జూన్‌లో అట్లాంటిక్ సముద్రాన్ని విమానంలో దాటిన మొదటి స్త్రీగా ఆమె పేరు పత్రికలకెక్కినది. నిజానికి విమానం నడిపినవాడు విల్మర్ స్టల్ట్స్, సహాయకుడు లూయీ గోర్డన్. ఆమె ప్రయాణికురాలు మాత్రమే. ఆ కీర్తి తనది కాదని ఆమె దాపరికం లేకుండా చెప్పుకున్నది. చేయని పనికి వచ్చిన పేరును చేసిన పనిగా మార్చుకొనుటకు నాలుగు సంవత్సరాలు పట్టినది. 1932 మే 20న న్యూఫౌండ్‌లాండ్‌లోని హార్బర్ గ్రేస్ నుండి ఒంటరిగా బయలుదేరి, మంచు, తుపాను, ఇంజనులో చీలికను దాటి, 14 గంటల 56 నిమిషాల తరువాత ఉత్తర ఐర్లండులో లండన్‌డెర్రీ సమీపాన ఒక పచ్చిక బయలులో దిగినది. అమెరికా శాసనసభ ఒక వైమానిక పతకాన్ని మొదటిసారిగా ఒక స్త్రీకి ప్రదానం చేసినది ఆమెకే. ఈ మధ్యలో 1929లో వైమానికురాండ్ర సంఘం ఏర్పడి, తొలి సభ్యుల సంఖ్యనుబట్టి ‘తొంభై తొమ్మిది’ అని పేరు పెట్టుకొని, తొలి అధ్యక్షురాలిగా ఆమెను ఎన్నుకున్నది. 1931లో ప్రచురణకర్త జార్జి పుట్నమ్‌తో వివాహమైనది. ఈ పుట్నమ్ ప్రచారప్రియుడని విమర్శించిన వారు లేకపోలేదు. అది నిజమే కావచ్చును. అయినా మేము చెప్పబోయే కాగితాల భారమంతా మోసినవాడు కూడా ఆయనే.

1935లో మెక్సికో ప్రభుత్వం ఆమెను ఆహ్వానించినది. లాస్ ఏంజలెస్ నుండి మెక్సికో నగరానికి ఎగిరిన ఆ యాత్ర కోసం ఆ ప్రభుత్వం తన తపాలా బిళ్ళలపై ఆమె పేరును అదనంగా ముద్రించి విడుదల చేసినది. పిలిచినవారే తలుపు తీసి నిలబడినప్పుడు దారిలో చిక్కులుండవు. పిలవని ఇళ్ళమీదుగా పోవలసి వచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఇక్కడ విద్యార్థులకు కొంత చట్టం చెప్పవలసి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు బాంబులు కురిపించిన తరువాత, ఆకాశం అందరిదీ అనే వాదాన్ని వినువారు లేకపోయినారు. 1919 అక్టోబరు 13న పారిస్‌లో కుదిరిన ఒడంబడిక తన మొదటి అధికరణంలోనే, ప్రతి రాజ్యానికి తన భూభాగం పైనున్న గగనతలంపై సంపూర్ణమైన, ఇతరులెవరికీ భాగం లేని సార్వభౌమాధికారం ఉన్నదని నిర్ణయించినది. ఒడంబడికలో చేరిన రాజ్యాల విమానాలు శాంతికాలంలో ఒకరి ఆకాశంలో మరొకరు హాని తలపెట్టక పోవచ్చును. చేరని రాజ్యపు విమానానికి మాత్రం ప్రత్యేకమైన, తాత్కాలికమైన అనుమతి లేనిదే ప్రవేశం లేదని మొదట వ్రాసుకున్నారు. విమానంలో ఛాయాచిత్ర యంత్రాలను నిషేధించే హక్కు కూడా ప్రతి రాజ్యానికి ఉన్నది. అమెరికా ఈ ఒడంబడికపై సంతకం చేసినది గాని దానిని ధ్రువీకరించలేదు. అనగా, విమానాన్ని కనిపెట్టిన దేశపు విమానమే ప్రపంచ యాత్రకు బయలుదేరితే ప్రతి గడప వద్దా విడివిడిగా అడుగవలసినదే. అమెరికా విదేశాంగ శాఖ తన రాయబారులకు వ్రాయాలి. రాయబారి అక్కడి ప్రభుత్వానికి విన్నవించాలి. ఆ ప్రభుత్వం తన సైనిక శాఖను, వలస శాఖను అడిగి, ఏ విమానం, ఏ మార్గం, ఏ మైదానం, ఏ తేదీ అని తరచి, మనసైతే అనుమతించాలి.

ఒక ప్రభుత్వం తలుపు మూసినచో ఎంతటివారికైనా తిప్పలు తప్పవనుటకు ఆనాటికే ఒక నిదర్శనమున్నది. బ్రిటిష్ సామ్రాజ్యం తన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలను కరాచీ వరకు నడపాలని 1927 నాటికే సిద్ధపడినది. ఇరాన్ ప్రభుత్వం తన తీరం మీదుగా పోనీయలేదు. 1929లో గడువు పెట్టి ఒప్పుకున్నది. గడువు తీరిన తరువాత 1932లో బ్రిటిష్ విమానాలు గల్ఫు అవతలి ఒడ్డున షార్జాకు మారిపోయినవి. షార్జాలో నేడు మన వారెందరో బ్రతుకుతెరువు వెదుకుకొంటున్నారు. ఆ ఊరికి మొదటి విమానాశ్రయం వచ్చిన కారణం ఇదని వారిలో ఎందరికి తెలుసునో!

అమీలియా తలపెట్టినది భూమధ్యరేఖకు దగ్గరగా, భూగోళపు నడుము చుట్టూ పోవు మార్గం. పర్డ్యూ విశ్వవిద్యాలయం సమకూర్చిన నిధితో 1936లో లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానం చేతికి వచ్చినది. అప్పటి నుండి పుట్నమ్ ఇల్లు ఒక చిన్న విదేశాంగ శాఖగా మారినది. పటాలు, వీసాలు, ఆరోగ్య ధ్రువపత్రాలు, ఏ ఊరిలో ఎన్ని పీపాల పెట్రోలు ముందుగా చేర్చాలన్న లెక్కలు. ప్రభుత్వ విమాన వాణిజ్య విభాగం నుండి విలియం మిల్లర్ అనే అధికారి సహాయం చేసినాడు. అమెరికా విదేశాంగ శాఖ ఒక్కొక్క రాజధానికి వ్రాసినది.

ఆ రాజధానులేవి? ఇక్కడనే మేము పటం ముందుంచుకొని కొంతసేపు ఆగిపోయినాము. ఆమె దిగిన ఊళ్ళను వరుసగా చూడండి. వెనిజులా, బ్రెజిల్ తప్ప, అట్లాంటిక్ దాటిన తరువాత సయాము వరకు స్వతంత్ర దేశమన్నది ఒక్కటీ లేదు. పరమరీబోకు అనుమతి ఇచ్చేది హేగ్ నగరం. సెయింట్ లూయీ, డకార్, గావో, ఫోర్ట్‌లామీలకు పారిస్. ఎల్ ఫాషర్, ఖార్టూములకు బ్రిటిష్ వారు. మసావా, అసాబ్‌లకు రోమ్. ఇథియోపియాపై దాడి చేసి ఆక్రమించి ఏడాది తిరిగిన ముస్సోలినీ రోమ్. కరాచీ, కలకత్తాలకు మరల బ్రిటిష్ వారే. అక్యాబు, రంగూనులు 1937 ఏప్రిల్ 1న మన దేశం నుండి విడదీయబడిన బర్మావి; అక్కడా వారే. సింగపూరూ అంతే. బాండుంగ్, కుపాంగ్‌లకు మరల హేగ్. సగం భూగోళాన్ని దాటుటకు నాలుగైదు తలుపులు తట్టితే చాలును! ఏ నేలపై ఎగిరినదో ఆ నేల ప్రజలను ఎవరూ అడుగలేదు. వారి ఆకాశం కూడా తాకట్టులోనే ఉన్నది. ఇందులో అమీలియా దోషమేమీ లేదు. ఉన్న తలుపునే ఆమె తట్టినది. కాని సామ్రాజ్యాలనగా ఏమిటో చరిత్ర పుస్తకంలోని పేజీల కన్నా ఈ అనుమతుల జాబితా మాకు స్పష్టంగా చెప్పినది.

ఒక్క చోట మాత్రం అడుగుటకు ఎవరూ లేకుండిరి. పసిఫిక్ మధ్య ఆమెకు ఒక దిగుడు కావలసి వచ్చినది. ఆ సముద్రంలో మార్షల్, కారొలైన్ దీవులు జపాను అదుపులోనివి. గిల్బర్ట్ దీవులు బ్రిటిష్ వారివి. మిగిలినది హౌలాండ్ అనే మట్టిగడ్డ. పొడవు సుమారు మైలున్నర, వెడల్పు అరమైలు. మంచినీరు లేదు. పక్షులు తప్ప నివాసులు లేరు. 1935లో అమెరికా ప్రభుత్వం ఈ దీవి తనదని నిలబెట్టుకొనుటకు హొనలూలూలోని ఒక పాఠశాల నుండి హవాయి యువకులను తెచ్చి అక్కడ నివాసముంచినది. మన విద్యార్థుల ఈడువారే. పడవ వచ్చేవరకు నెలల తరబడి ఎండలో, పక్షుల మధ్య, వాతావరణం నమోదు చేస్తూ ఉండేవారు. వారు ఉన్నారు గనుక దీవి అమెరికాది. దీవి అమెరికాది గనుక ఇతరుల అనుమతితో పనిలేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అమీలియా స్వయంగా లేఖ వ్రాసినది. 1937 ప్రారంభంలో ప్రభుత్వ నిధులతో ఆ దీవిపై పరుగుబాటలు చదును చేసినారు.

1937 మార్చి 17న కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నుండి పడమరగా బయలుదేరి హొనలూలూ చేరినది. మూడవ నాడు మరల ఎగురబోతుండగా విమానం అదుపు తప్పి నేలపై గిరగిర తిరిగి విరిగినది. ప్రాణాలు దక్కినవి. మరమ్మతుకు రెండు నెలలు పట్టినది. ఈలోగా ఋతువులు మారినవి. గాలివానలను తప్పించుకొనుటకు మార్గాన్ని తిరగవేసి తూర్పుగా పోవాలని నిశ్చయించినారు. మార్గం మారితే తేదీలన్నీ మారినవి. తేదీలు మారితే కాగితాలన్నీ మరల మొదటికి వచ్చినవి. అనుమతుల కట్టను రెండవసారి కట్టవలసి వచ్చిన పుట్నమ్ ఓర్పును మేము మెచ్చుకొనక తప్పదు. కళాశాలలో ఒక్క అనుబంధ పత్రం తెచ్చుకొనుటకు మేము ఎన్ని బల్లల చుట్టూ తిరిగినామో మాకు జ్ఞాపకమున్నది.

జూన్ 1న మయామి నుండి ఫ్రెడ్ నూనన్ అనే దారి చూపరితో ఆమె బయలుదేరినది. దక్షిణ అమెరికా తూర్పు అంచు, అట్లాంటిక్, ఆఫ్రికా ఎడారి నడుమ. డకార్ చేరవలసినది సెయింట్ లూయీలో దిగినది. అక్కడా ఫ్రెంచివారే గనుక చిక్కు రాలేదు. ఆఫ్రికా దాటి ఎర్ర సముద్రపు ఒడ్డుకు చేరిన తరువాత అరేబియా ఎదురైనది. ఆ నేలమీదుగా పోవుటకు అనుమతి దొరకలేదు. దక్షిణపు అంచున తీరం వెంట పోవాలి. నడుమ ఎక్కడా దిగరాదు. ఒకవేళ ఇంజను ఆగి ఎడారిలో దిగవలసి వచ్చినచో అక్కడివారికి చూపుటకు అరబ్బీ భాషలో వ్రాయించిన లేఖ ఒకటి ఆమె వెంట ఉన్నది. అందులోని ఒక్క అక్షరం ఆమెకు రాదు. చదివేవారెవరో తెలియదు. ఆ లేఖను విప్పవలసిన అవసరం రాలేదు. జూన్ 15 తెల్లవారకముందే అసాబ్ నుండి లేచి, పదమూడు గంటలకు పైగా ఎగిరి, ఆనాటి సాయంకాలం కరాచీలో దిగినది. ఎర్ర సముద్రం నుండి భారతదేశానికి నడుమ ఆగకుండా వచ్చిన మొదటి విమానం అదియే. అనుమతి దొరకకపోవుట వలన ఒక ఘనకార్యం జరుగుట చరిత్రలో అరుదు.

కరాచీలో రెండు దినాలు. ఒంటె ఎక్కి సంతోషించినది. జూన్ 17న ఉపఖండాన్ని అడ్డంగా దాటి కలకత్తా డమ్‌డమ్ మైదానంలో దిగినది. దారిలో గద్దలు విమానానికి ఎదురై భయపెట్టినవి. అప్పటికే వానలు పడుచున్నవి. మరునాడు తడిసిన నేలపై నుండి ప్రయాసతో లేచి అక్యాబు చేరి, రంగూనుకు పోబోతే ఋతుపవనపు జడివాన వెనుకకు త్రోసినది. ఆ వాన రెక్కల అంచులమీది రంగును ఒలిచివేసినది. రాజ్యాల అనుమతులన్నీ సంచిలో ఉన్నవి. ఋతుపవనానికి మాత్రం ఏ రాయబారీ వ్రాయలేదు. మరునాడు రంగూను, ఆ పిమ్మట బాంకాక్, సింగపూరు, జావా. అక్కడ యంత్రాల మరమ్మతు. జూన్ 28న ఆస్ట్రేలియాలోని డార్విన్. నెల చివరకు న్యూగినీలోని లే. అప్పటికి ఇరవై రెండు వేల మైళ్ళు గడచినవి. మిగిలినది సుమారు ఏడు వేలు, అంతా నీరే.

జూలై 2 ఉదయం పది గంటలకు లే నుండి హౌలాండ్‌కు బయలుదేరినది. దూరం 2,556 మైళ్ళు. దీవి వద్ద ఇటాస్కా అనే అమెరికా తీర రక్షక నౌక పొగ వదలుతూ ఎదురుచూచుచున్నది. ఇక్కడ మా అభిప్రాయం దాచక చెబుతాము. అనుమతుల విషయంలో చూపిన జాగ్రత్తలో సగమైనా వైర్‌లెస్ విషయంలో చూపి ఉంటే ఈ కథ వేరుగా ముగిసి ఉండేదేమో. విమానం వెనుక వ్రేలాడే పొడవైన ఏరియల్ తీగను మయామిలోనే వదలివేసినారు. మోర్స్ సంకేతాలలో ఇద్దరికీ నేర్పు లేదు. నౌక గడియారం అరగంటల లెక్కతో నడుస్తుంటే, విమానం గ్రీనిచ్ కాలాన్ని పాటించినది. ఆమె కోరిన తరంగంపై దిక్కును కనుగొనే సాధనం నౌకలో లేదు. ఆమె మాట నౌకకు బిగ్గరగా వినిపించినది. నౌక మాట ఆమెకు అందలేదు. ఉదయం 8 గంటల 43 నిమిషాలకు తాను ఉన్న రేఖను తెలిపిన తరువాత కొద్దిసేపటికి స్వరం ఆగిపోయినది.

అమెరికా నౌకాదళం విమాన వాహక నౌక లెక్సింగ్టన్‌ను సైతం పంపి, సుమారు రెండున్నర లక్షల చదరపు మైళ్ళ సముద్రాన్ని వెదకినది. ఆ వెదకుటలో కూడా హద్దులున్నవి. జపాను పాలనలోని దీవుల వైపు వెదకుట జపానుకే వదలవలసి వచ్చినది. ఆ నీటిలోనికి అమెరికా నౌక పోరాదు గనుక, అక్కడ ఏమి జరిగినదో తమ కండ్లతో చూచిన అమెరికను లేడు. ఆమె జపానువారికి చిక్కినదని, గూఢచారిణి అని తరువాత పుట్టిన కథలన్నిటికీ ఈ చూడని నీరే పుట్టినిల్లని మేము భావిస్తున్నాము. ఆ కథలకు నమ్మదగిన ఆధారమేదీ నేటివరకు బయటపడలేదు. జూలై 19న గాలింపు నిలిపివేసినారు. 1939 జనవరి 5న న్యాయస్థానం ఆమె మరణించినట్లు ప్రకటించినది. ఆమె దారిలో పంపుతూ వచ్చిన వ్రాతలను పుట్నమ్ అంతకు ముందే 1937లో పుస్తకంగా వెలువరించినాడు.

ఆమె అడిగిన తీరున ప్రతి యాత్రకు ప్రతి రాజ్యాన్నీ అడుగుట ప్రపంచానికి క్రమంగా భారమైనది. రెండవ ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944లో చికాగో నగరంలో కూడిన 52 రాజ్యాలు కొత్త ఒడంబడికపై సంతకాలు చేసినవి. ఈసారి అమెరికా కూడా ధ్రువీకరించినది. ఆకాశం ఆ నేలను ఏలే రాజ్యానిదే అన్న మొదటి సూత్రం మాత్రం మారలేదు. మన పిల్లలు నేడు జిద్దాకో, చికాగోకో పోవు విమానం ఎన్ని రాజ్యాల అనుమతితో ఎగురుచున్నదో కిటికీ వద్ద కూర్చున్నవానికి కనబడదు. వాని చేతిలోని వీసా ఒక్కటే కనబడుతుంది.

హౌలాండ్ దీవిలో ఆమె కోసం చదును చేసిన బాట అట్లే ఉండిపోయినది. హవాయి యువకులు వంతుల వారీగా వచ్చి అక్కడ నివసిస్తూనే ఉండిరి. 1941 డిసెంబరు 8న, పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగిన మరునాడు, జపాను విమానాలు ఆ దీవిపై బాంబులు వేసినవి. అప్పుడు అక్కడ నలుగురు ఉండిరి. ఇద్దరు మరణించినారు. మిగిలిన ఇద్దరూ వారిని దీవిలోనే పాతిపెట్టి, 1942 జనవరి చివర ఒక అమెరికా నౌక వచ్చేవరకు ఆ పరుగుబాట ప్రక్కనే ఎదురు చూచినారు.